ఆర్కిటెక్టగు మార్గము

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు చెప్పుదురు. మనుష్యుని ఓర్పు, ధనము, బుద్ధి ఈ రెండు కార్యములలో ఒక్కసారిగా పరీక్షింపబడునని వారి భావము. మన ఆర్మూరులో పసుపునకు మంచి ధర వచ్చిన యేట ఏ వీధిని చూచినను ఇటుకల కుప్పలు, ఇసుక రాసులు, ఇనుప కడ్డీలు కానవచ్చును. మేస్త్రి వచ్చును, సెంట్రింగువారు వత్తురు, స్లాబు వేసిన దినమున బంధువులకు భోజనములు పెట్టుదురు. ఇంత జరిగినను, ఆ యింటిని ముందుగా కాగితముపై గీసినదెవరు, అట్లు గీయు విద్య వారికెక్కడ లభించినది, ఆ విద్య మన పిల్లలకు లభించునా అని అడుగువారు అరుదు. ఆ ప్రశ్నకు తెలిసినంతవరకు ప్రత్యుత్తర మిచ్చుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

దీనిని వ్రాయుటకు నాకొక కారణము కలదు. కొన్ని సంవత్సరముల క్రిందట నా తరగతిలో ఒక మేస్త్రి కుమారుడు చదువుచుండెను. లెక్కలలో మంచివాడు, బొమ్మలు వేయుటలో అంతకంటె నేర్పరి. సిద్ధుల గుట్ట మీది బండలను, మెట్లను, క్రిందనుండి చూచిన పైకి ఎట్లు కనబడునో అట్లే నోటుపుస్తకపు కడపటి పుటలలో గీసి చూపెడివాడు. పదవ తరగతి ముగియు కాలమున అతడు, "సార్, ఇండ్లు గీయు చదువు చదువవలెనని యున్నది, ఏమి చేయవలెను?" అని నన్నడిగెను. నేను ఎవరిని విచారింపక, ఏ పత్రమును చూడక, "ఇంటర్మీడియటు పిమ్మట ఇంజనీరింగు ప్రవేశ పరీక్ష వ్రాయుము, అన్నియు అందులోనే యున్నవి" అని చెప్పితిని.

అతడు నా మాట నమ్మెను. రెండేండ్లు కష్టపడి ఆ పరీక్ష వ్రాసెను. మంచి ర్యాంకే వచ్చెను. తీరా దరఖాస్తు పెట్టబోవునప్పుడు, ఈ చదువునకు వేరొక పరీక్ష కలదనియు, దాని గడువు దాటిపోయినదనియు తెలిసినది. ఒక సంవత్సరము వృథా యయ్యెను. అతని తండ్రి నా యొద్దకు వచ్చి కోపపడలేదు. "మాకు ఎరుక లేదు సారూ, మీకు ఎరుక ఉంటదనుకున్నం" అని మాత్రమే పలికి వెళ్ళిపోయెను. ఆ మాట నేటికిని నా చెవులలో నున్నది. ఆ దినము మొదలుకొని ఈ విషయమును విచారించి తెలిసికొంటిని. తెలిసికొన్నది మీ ముందుంచుచున్నాను.

మొదట ఆర్కిటెక్టు అనగా నెవరో తెలిసికొనవలెను. ఒక యిల్లు లేచుటకు పలువురి పని కావలెను. మేస్త్రి గోడను నిలువుగా, మట్టసముగా కట్టును. సివిలు ఇంజనీరు పిల్లర్లకు ఎంత లావు కావలెను, స్లాబులో ఎంత ఇనుము వేయవలెను, నేల ఎంత బరువు మోయును అని లెక్క కట్టును. లైసెన్సు పొందిన సర్వేయరు స్థలము కొలిచి, పురపాలక సంఘమునకు కావలసిన పత్రములు సిద్ధపరచును. వాస్తు పండితుడు దిక్కులను గూర్చి చెప్పును. మనవారు చాలమంది ఆర్కిటెక్టును ఈ నలువురిలో ఒకడుగా తలంతురు. అది సరి కాదు. ఆ కట్టడములో నివసించువారెవరు, వారు చేయు పనులెవ్వి, ఎండ, గాలి, వాననీరు ఏ ప్రక్కనుండి వచ్చును, చేతిలో నున్న సొమ్మెంత అను విషయములను అన్నిటిని ఒకచోట చేర్చి, వానికి తగిన రూపము నిర్ణయించువాడు ఆర్కిటెక్టు. గీసిన దానిని గీసినట్లు కట్టుచున్నారా లేదా అని చూచుటయు అతని పనియే.

మన ప్రాంతపు పసుపు రైతు యింటినే ఉదాహరణముగా తీసికొందము. త్రవ్విన పసుపును ఉడుకబెట్టి, పది పదునైదు దినములు ఎండలో ఆరబోసి, పాలిషు పట్టి, ధర వచ్చువరకు నిలువ చేయుట ఆ యింటి పని. నిలువ గదికి తేమ తగులరాదు, పురుగు పట్టరాదు. ఆరబోయు కల్లముపై ఇంటి నీడ పడరాదు. ట్రాక్టరు లోనికి వచ్చి తిరిగి పోవుటకు చోటుండవలెను. ముసలివారికి మెట్లు లేని గది, చదువుకొను పిల్లలకు వెలుతురు గల గది కావలెను. వేసవిలో పడమటి గోడ కాగి రాత్రి నిద్ర పట్టనీయదు. పట్టణమునుండి ఎవరో తెచ్చిన నమూనా కాగితములో ఈ సంగతులేవియు నుండవు. అట్టి కాగితమును చూచి కట్టిన యింట పసుపు బస్తాలు పడకగదిలోనికి చేరును, ఆరబోయుట బాట మీదికి పోవును. సొమ్ము తక్కువై వచ్చిన కష్టము కాదది. ముందుగా ఆలోచించువాడు లేకపోవుటచే వచ్చినది.

అట్లు ఆలోచించువానికొరకు ఒకప్పుడు ఎంత దూరము పోవలసి వచ్చెనో చూడుడు. మెదకు దేవాలయమును మనలో అనేకులు చూచియున్నారు. రెవరెండు చార్లెస్ వాకర్ పాస్నెట్ గారి పూనికతో 1914లో పని ఆరంభమై పదియేండ్లు సాగి, 1924 డిసెంబరు 25వ తేదీన అది ప్రతిష్ఠింపబడెను. లోపలి పొడవు సుమారు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు; గంటల గోపురము ఎత్తు 175 అడుగులు. కరవు కాలమున చుట్టుప్రక్కల గ్రామములవారికి ఆ పని అన్నము పెట్టినది. రాళ్ళు మోసినవారు, చెక్కినవారు మనవారే. కాని దాని నమూనాను గీసినది ఇంగ్లండు దేశమున బోల్టను పట్టణములోని బ్రాడ్‌షా, గాస్ అండ్ హోప్ అను ఆర్కిటెక్టుల సంస్థ.

హైదరాబాదులోను అట్లే జరిగెను. ఉన్నత న్యాయస్థానము, ఉస్మానియా ఆసుపత్రి, కాచిగూడ రైలు స్టేషను విన్సెంట్ ఎష్ అను ఆంగ్లేయుడు రూపొందించినవి. ఉస్మానియా విశ్వవిద్యాలయమును కట్టదలచినప్పుడు నిజాము ప్రభుత్వము సయ్యద్ అలీ రజా, జైన్ యార్ జంగ్ అను ఇరువురను దేశదేశముల విశ్వవిద్యాలయములను చూచి రండని పంపినది. ఎర్నెస్ట్ జాస్పర్ అను బెల్జియము దేశస్థుని నమూనా ప్రకారము లేచిన ఆర్ట్సు కళాశాల భవనము 1939లో ప్రారంభమయ్యెను. నేడు అంత దూరము పోవలసిన పనిలేదు. ఆ విద్య హైదరాబాదులోనే కలదు. దానికి నియమమైన మార్గమును, చట్టమును ఏర్పడినవి.

ఆ చట్టము పేరు 1972వ సంవత్సరపు ఆర్కిటెక్టుల చట్టము. దీని ప్రకారము కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ అను పరిషత్తు ఢిల్లీలో ఏర్పడెను. ఆర్కిటెక్టుల పట్టికను నిర్వహించుట, కళాశాలలలో బోధన తగిన ప్రమాణమున నున్నదా అని చూచుట దాని పనులు. ఆ పట్టికలో పేరు నమోదైనవారే తమ్ము ఆర్కిటెక్టులమని చెప్పుకొనవలెను. నమోదు లేక ఆ పేరు పెట్టుకొనుట చట్టవిరుద్ధమని 37వ సెక్షను చెప్పుచున్నది. అయితే ఈ సెక్షను ఆ పేరును మాత్రమే కాపాడుననియు, నమోదు లేనివారు ఇండ్ల నమూనాలు గీయరాదని నిషేధింపలేదనియు సుప్రీముకోర్టు 2020లో తీర్పు చెప్పెను. కావున ఇల్లు గీసిన ప్రతివాడును ఆర్కిటెక్టు కాడు. తలిదండ్రులు ఇల్లు కట్టించునప్పుడు నమోదు సంఖ్య అడిగి చూచుకొనుటలో తప్పులేదు.

ఇక మార్గమునకు వత్తము. మొదటి మెట్టు మన పాఠశాలలోనే యున్నది. ఈ చదువునకు గణితము, చిత్రలేఖనము రెండు కన్నులు. పదవ తరగతి తరువాత ఇంటర్మీడియటులో గణితము, భౌతికశాస్త్రము గల గ్రూపు, అనగా మనవారు ఎం.పి.సి. అనునది, తీసికొనవలెను. గణితము వదలి వేరు గ్రూపులో చేరిన బాలికకు గాని బాలునికి గాని ఈ ద్వారము మూసికొనిపోవును. పదవ తరగతి ముగించి పాలిటెక్నికులో మూడేండ్ల డిప్లొమా చేసినవారును, గణితము చదివియున్నచో, ఈ విద్యకు ప్రయత్నింపవచ్చును. ఎన్ని మార్కులు కావలెనను నియమము అప్పుడప్పుడు మారుచుండును. ఆ యేటి ప్రకటన తెప్పించి చదువుకొనవలెను, నావలె ఊహించి చెప్పరాదు.

రెండవ మెట్టు ప్రవేశ పరీక్ష. నేను ఆ బాలునికి చెప్పక విడిచినది ఇదియే. ఇంజనీరింగు ప్రవేశ పరీక్ష ర్యాంకుతో ఆర్కిటెక్చరులో సీటు రాదు. దీనికి నాటా అను అభిరుచి పరీక్ష కలదు. దానిని 2006 నుండి పైన చెప్పిన పరిషత్తే నడుపుచున్నది. అందులో బొమ్మ గీయుట, రంగులు ఆకారములు కూర్చుట, ఒక వస్తువును మనస్సులో త్రిప్పి చూచి ఏ ప్రక్కనుండి ఎట్లు కనబడునో చెప్పుట, తర్కము, గణితము పరీక్షింతురు. సంవత్సరములో ఒకటికంటె ఎక్కువ మారులు వ్రాయు అవకాశము కలదు. మన రాష్ట్రమున ఈ పరీక్ష మార్కులను, ఇంటర్మీడియటు మార్కులను కలిపి వరుస నిర్ణయింతురు. జాతీయ సంస్థలలో చేరదలచినవారు జేయీయీ మెయిన్ అను పరీక్షలో ఆర్కిటెక్చరునకు వేరుగా నుంచిన పత్రమును వ్రాయవలెను; అందులోను చిత్రలేఖన భాగము కలదు. ఖరగ్‌పూరు, రూర్కీ, వారణాసి ఐ.ఐ.టి.లలో చేరుటకు జేయీయీ అడ్వాన్సుడు పరీక్షలో నెగ్గి, ఆ పిమ్మట మరియొక అభిరుచి పరీక్ష వ్రాయవలెను.

మూడవ మెట్టు కళాశాల. హైదరాబాదు మాసబ్ ట్యాంకు వద్ద 2008లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, లలితకళల విశ్వవిద్యాలయము మనకు దగ్గరి పెద్ద విద్యాస్థానము. విజయవాడలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ కలదు. విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వవిద్యాలయములో ఈ శాఖ కలదు. ప్రైవేటు కళాశాలలును కలవు. చేరకముందు ఒక్క సంగతి తప్పక చూడవలెను: ఆ కళాశాలకు ఆ సంవత్సరమున పరిషత్తు అనుమతి కలదా? పరిషత్తు గుర్తింపని చదువు ఎంత కష్టపడి ముగించినను పట్టికలో పేరు చేరదు. గోడలమీది ప్రకటనలను, మధ్యవర్తుల మాటలను నమ్మి సొమ్ము కట్టరాదు.

బి.ఆర్క్. అను ఈ పట్టము ఐదేండ్ల చదువు, పది సెమిస్టరులు. ఇంజనీరింగుకంటె ఒక యేడు అధికము. ప్రతి సెమిస్టరులోను స్టూడియో అను తరగతి ముఖ్యమైనది. అక్కడ పుస్తకము వల్లించిన చాలదు. మొదట ఒక చిన్న గది, పిమ్మట ఇల్లు, ఆ పిమ్మట పాఠశాల, ఆసుపత్రి, సంత ఈ విధముగా ఒక్కొక్క సమస్యను ఇత్తురు. విద్యార్థి గీసికొని వచ్చి గురువుల ముందర నిలిచి, ఈ కిటికీ ఇక్కడ ఏల పెట్టితివి, ఈ మెట్లు ఇంత ఏటవాలుగా ఏల నున్నవి అను ప్రశ్నలకు బదులు చెప్పవలెను. రాత్రులు మేల్కొని గీసిన దానిని తెల్లవారి తిరిగి గీయవలసి వచ్చును. దీనితోడ కట్టడపు సామగ్రి, నిర్మాణ బలము, శీతోష్ణస్థితి, నీటి గొట్టములు, విద్యుత్తు, ఖర్చు అంచనా, కట్టడముల చరిత్ర నేర్పుదురు. ఒక సెమిస్టరు కాలము, నమోదైన ఆర్కిటెక్టు వద్ద నిజమైన పనిలో శిక్షణ పొందవలెను. కడపటి యేట ఒక పెద్ద నమూనాను స్వయముగా సిద్ధపరచి నెగ్గవలెను.

నాలుగవ మెట్టు నమోదు. పట్టము చేతికి వచ్చిన పిమ్మట పరిషత్తునకు దరఖాస్తు పెట్టి, రుసుము చెల్లించి, పట్టికలో పేరు చేర్పించుకొనవలెను. మన దేశమున దీనికి మరియొక పరీక్ష లేదు. గుర్తింపు గల పట్టమే ఆధారము. నమోదు సంఖ్య వచ్చిన దినమునుండియే ఆర్కిటెక్టు అను పేరు అతనికి చెల్లును. దానిని కాలానుసారముగా పునరుద్ధరించుకొనుచుండవలెను. 1989లో వచ్చిన వృత్తి ప్రవర్తన నియమములను పాటింపవలెను: కమీషన్లు, కానుకలు ఇచ్చి పని సంపాదింపరాదు, పుచ్చుకొనరాదు, గృహస్థుని మేలునే చూడవలెను. తప్పిన యెడల పరిషత్తు విచారించి పట్టికనుండి పేరు తీసివేయగలదు.

మన జిల్లానుండి విదేశములకు పోవువారు అనేకులు. వారొక సంగతి గుర్తుంచుకొనవలెను. ఇక్కడి నమోదు ఇక్కడనే చెల్లును. అమెరికాలో ప్రతి రాష్ట్రమును వేరుగా లైసెన్సు ఇచ్చును; అక్కడ గుర్తింపు గల చదువుతోడ 3,740 గంటల అనుభవమును, ఆరు భాగముల పరీక్షయు సాధారణముగా కోరుదురు. ఇంగ్లండులో వేరు చట్టము, వేరు పట్టిక కలవు.

ఇప్పుడు తలిదండ్రులకు రెండు మాటలు. ఈ చదువు దీర్ఘమైనది. రుసుముతోడ కాగితములు, నమూనాల అట్టలు, కంప్యూటరు మొదలగు ఖర్చులు కలవు. ప్రభుత్వ విద్యార్థి వేతనమునకును, బోధనారుసుము పథకమునకును మీ బిడ్డ అర్హతను ముందే విచారింపుడు. కుల, ఆదాయ పత్రములు కడపటి దినమువరకు ఆపకుడు. పట్టము రాగానే అధిక సంపాదన కలుగునని నేను చెప్పజాలను. మొదటి కొన్నియేండ్లు మరియొకరి కార్యాలయమున తక్కువ జీతమునకు పని నేర్చుకొనవలసి యుండును. ఓర్పు లేనివాడు ఈ మార్గమునకు రాకుండుటయే మేలు.

ఆడపిల్లకు ఈ పని ఏల అని అడుగువారును కలరు. పెరీన్ మిస్త్రీ అను స్త్రీ బొంబాయి జె.జె. కళాశాలలో చదివి, 1936లో డిప్లొమా పొంది, మన దేశమున ఆర్కిటెక్టయిన మొదటి స్త్రీగా పేరొందినది. వంటయింటి పొగ ఏ కిటికీనుండి పోవునో, నీళ్ళ బిందెతో మెట్లెక్కుట ఎంత కష్టమో మన స్త్రీలకు తెలిసినంత ఎవరికి తెలియును? ఆ యెరుక గీతలోనికి వచ్చిన ఇండ్లు బాగుపడును.

చేతిపనివారి బిడ్డలకు ఈ విద్య అందదను మాటయు నిజము కాదు. బాలకృష్ణ దోషి గారు 1927లో పూనాలో కొయ్య సామానులు చేయు కుటుంబమున జన్మించిరి. 2018లో ఆర్కిటెక్చరునకు ప్రపంచమున మిక్కిలి గొప్పదగు ప్రిట్జ్‌కర్ బహుమానము పొందిన మొదటి భారతీయుడు ఆయనయే. లారీ బేకర్ గారు 1945లో కుష్ఠురోగుల చికిత్సాలయములు కట్టుటకు ఒక మిషను పక్షమున ఇంగ్లండునుండి వచ్చి, ఈ దేశమునందే స్థిరపడిరి. ఆయన పల్లె మేస్త్రుల పనిని గురువును చూచినట్లు చూచిరి. ఇటుకలను పడుకొనబెట్టక అంచుపై నిలిపి, నడుమ ఖాళీ వదలి గోడ కట్టు పద్ధతిని కేరళములో విరివిగా వాడిరి. దానివలన సుమారు నాలుగవ వంతు ఇటుకలు మిగులును. నడిమి ఖాళీ వేడిని ఆపును. బీదవాని యింటికిని ఆర్కిటెక్టు బుద్ధి అవసరమని ఆయన పని చూపినది.

బాలబాలికలారా! పరీక్షకు ఇంకను కాలమున్నదని ఊరకుండకుడు. ఒక టేపు తీసికొని మీ యింటిని కొలిచి, ఒక అడుగునకు పావు అంగుళము చొప్పున కాగితముపై గీయుడు. ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము ఎండ ఏ గదిలో ఎంతవరకు వచ్చునో గుర్తు పెట్టుడు. మన పాఠశాల వరండాలో నిలిచి వాననీరు ఎటు పారునో చూడుడు. పాత పెంకుటిండ్లు వేసవిలో ఏల చల్లగా నుండునో పెద్దలనడుగుడు. డిచ్‌పల్లి రామాలయమునకు పోయినప్పుడు ఆ స్తంభములను చూచి గీయుడు. కట్టుచున్న యిల్లు కనబడినప్పుడు ఆగి, మేస్త్రిని మర్యాదతో ప్రశ్నింపుడు. ఏ పుస్తకమును కొనకయే చేయదగిన అభ్యాసములివి.

నేను మొదట చెప్పిన బాలుడు మరుసటి యేట నాటా పరీక్ష వ్రాసి నెగ్గెను. ఐదేండ్లు చదివి, నేడు పట్టికలో పేరు గలవాడై యున్నాడు. గడచిన సెలవులలో నన్ను చూడవచ్చి, తండ్రికై గీసిన యింటి నమూనాను చూపెను. తండ్రి దానిని చూచి స్లాబు వాలు సరిగా లేదు, నీరు నిలుచునని చెప్పెనట. కుమారుడు దిద్దుకొనెను. నేను సంతసించితిని, కాని అతడు పోగొట్టుకొనిన యేటిని నేను తిరిగి ఇయ్యజాలను గదా!

కావున ఒక పని చేయ నిశ్చయించితిని. ఇకమీదట ప్రతి సంవత్సరము ఈ పరీక్షల ప్రకటన వెలువడగానే, దరఖాస్తు గడువు తేదీలను మన పాఠశాల ప్రకటన పలకపై వ్రాయించెదను. ఇంటర్మీడియటు చదువు పూర్వ విద్యార్థులును, వారి తలిదండ్రులును వచ్చి చూచుకొనవచ్చును. సందేహము గలవారు నన్నడుగవచ్చును. నాకు తెలియని దానిని తెలియదని చెప్పి, తెలిసినవారి నడిగి, పిమ్మట ప్రత్యుత్తర మిత్తును.